అమేలియా ఎడ్వర్డ్స్ - ఈజిప్టు కోసం ఊరూరా ప్రసంగించిన రచయిత్రి

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక గొప్పవారి జీవితం గురించి రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు కోరినప్పుడు, ముందు మన దేశ నాయకుల్లో ఒకరి గురించి రాద్దామనే అనుకున్నాను. కాని వారి గురించి నాకంటే బాగా తెలిసినవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. అందువల్ల నాకు చాలాకాలంగా ఇష్టురాలైన ఒక విదేశీ వనిత గురించి రాస్తున్నాను. ఆమె పేరు అమేలియా ఎడ్వర్డ్స్. ఇంగ్లండు దేశస్థురాలు. చనిపోయి నూట ముప్పై ఏళ్ళు దాటింది.

ఆమె పరిచయం నాకు ఎలా కలిగిందో ముందు చెప్పాలి. హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న పురావస్తు ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు మమ్మీ ఉన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నిజాం కాలంలో మన ఊరు చేరింది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక సెలవునాడు మా అమ్మాయిని తీసుకువెళ్ళి చూపించాను. అప్పుడది ఏడో తరగతి. దీన్ని ఏ సమాధిలోంచి తీశారు నాన్నా, పక్కన ఇంకా ఏమేమి దొరికాయి అని అడిగింది. అక్కడి ఫలకం మీద నాకు ఆ జవాబు కనిపించలేదు. ఆ ప్రశ్న అలాగే మనసులో ఉండిపోయింది. తరువాత అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఎ థౌజండ్ మైల్స్ అప్ ది నైల్ అని పేరు. నైలు నది మీద వెయ్యి మైళ్ళ పడవ ప్రయాణం కథ. రాసింది ఈవిడే. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. మా అమ్మాయి అడిగిన ప్రశ్నే ఈవిడను జీవితమంతా పట్టి పీడించిందని అప్పుడు తెలిసింది.

అమేలియా 1831 జూన్ 7న లండనులో పుట్టారు. తండ్రి సైన్యంలో అధికారిగా పనిచేసి, తరువాత బ్యాంకు ఉద్యోగంలో చేరినవాడు. తల్లి ఐర్లండు సంబంధం కలది. బడికి పంపకుండా తల్లే ఇంట్లో చదువు చెప్పింది. ఏడేళ్ళ వయసులోనే పద్యం అచ్చయింది. బొమ్మలు వేయటం, సంగీతం రెండూ వచ్చు. కొంతకాలం ఒక చర్చిలో ఆర్గన్ వాయించే పని కూడా చేశారు. చివరకు రచననే వృత్తిగా ఎంచుకున్నారు. పత్రికలకు వ్యాసాలు, సమీక్షలు, నవలలు, దయ్యాల కథలు రాసేవారు. చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రికలో 1864లో వచ్చిన ఆమె దయ్యం బండి కథ ఇప్పటికీ ఇంగ్లీషు కథా సంకలనాల్లో కనబడుతూనే ఉంటుంది. అదే సంవత్సరం వచ్చిన బార్బరాస్ హిస్టరీ అనే నవల ఆమెకు మంచి పేరు తెచ్చింది.

1860లో తల్లి, తండ్రి ఒక్క వారం తేడాతో పోయారు. అప్పటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు, తరువాత కూడా చేసుకోలేదు. ఎలెన్ బ్రేషర్ అనే, వయసులో తనకంటే చాలా పెద్దదైన స్నేహితురాలితో కలిసి బ్రిస్టల్ దగ్గర వెస్ట్‌బరీ అనే ఊళ్ళో లార్చెస్ అనే ఇంట్లో స్థిరపడ్డారు. కలం మీద సంపాదించుకుని, ఎవరికీ చెయ్యి చాపకుండా బతికారు. ఆ కాలపు ఇంగ్లండులో ఒంటరి స్త్రీకి అదేమీ చిన్న విషయం కాదు.

1872లో ఇటలీలోని డోలమైట్ పర్వతాలలో ఒక స్నేహితురాలితో కలిసి తిరిగి వచ్చి, దాని మీద పుస్తకం రాశారు. మరుసటి ఏడు శరత్కాలంలో ఫ్రాన్సులో బొమ్మలు వేసుకుందామని వెళితే ఎడతెరపి లేకుండా వర్షం. ఎండ ఉన్న చోటికి పోదామని ఇద్దరూ ఓడ ఎక్కి 1873 నవంబరులో కైరోలో దిగారు. ఈజిప్టు శాస్త్రంలో ఒక శాఖకు పునాది వేసిన మనిషి అక్కడికి వెళ్ళింది వానకు తట్టుకోలేక! అప్పటికామెకు నలభై రెండేళ్ళు. అంటే ఆమె రెండో జీవితం మొదలైన వయసు అది. అరవై దాటగానే ఇక మన పని అయిపోయిందని అరుగు మీద కూర్చునే మన మిత్రులకు ఈ సంగతి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

అక్కడ ఫిలే అనే పేరుగల పెద్ద తెరచాప పడవను అద్దెకు తీసుకున్నారు. దాన్ని వాళ్ళు దహబియా అంటారు. సరంగు, కళాసులు, వంటవాడు అందరూ పడవలోనే ఉంటారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే తాడు కట్టి ఒడ్డు వెంట లాగటం. మన గోదావరిలో పూర్వం లాంచీలు రాకముందు పడవలు నడిచిన పద్ధతే. కైరో నుండి దక్షిణంగా రెండవ జలపాతం దాకా వెళ్ళి వచ్చారు. ఆమె ఊరికే గుళ్ళూ గోపురాలూ చూసి సంతోషించి ఊరుకోలేదు. ఎక్కడ ఏ గోడ ఎంత పొడుగుందో టేపు పెట్టి కొలిచేవారు, బొమ్మలు గీసేవారు, చిత్రలిపి అక్షరాలు నేర్చుకోవటం మొదలుపెట్టారు.

ఆ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం అబూ సింబెల్. రెండవ రామెసెస్ అనే చక్రవర్తి కొండను తొలిపించి కట్టించిన గుడి అది. ద్వారం ముందు నాలుగు కూర్చున్న విగ్రహాలు, ఒక్కొక్కటి అరవై అడుగులకు పైగా ఎత్తు. నాలుగూ ఆ రాజువే. 1874 జనవరి చివర అక్కడికి చేరి, పైకి వెళ్ళి తిరిగి వచ్చి, రెండు వారాలకు పైగా అక్కడే మకాం వేశారు. ఉత్తరం కొసన ఉన్న విగ్రహం ముఖం మీద తెల్లని మచ్చలు ఉన్నాయి. దాదాపు యాభై ఏళ్ళ క్రితం రాబర్ట్ హే అనే స్కాట్లండు ఆయన ఆ ముఖానికి అచ్చు తీయించాడు. తీసినవాళ్ళు అంటుకున్న సున్నపు ముద్దను తుడవకుండా వెళ్ళిపోయారు. మన గుళ్ళలో శిల్పాల మీద పండుగ పండుగకూ సున్నం కొట్టే ధర్మకర్తలు గుర్తుకు రావటం లేదూ?

అమేలియాకు అది చూడబుద్ధి కాలేదు. పడవలోని తెడ్లు, వాసాలు కట్టించి పరంజా వేయించారు. కళాసులు పైకెక్కి ముందు సున్నం గీకారు. గీకినా తెల్లదనం పూర్తిగా పోలేదు. అప్పుడు ఆమె వంటవాడితో పెద్ద గిన్నెల నిండా చిక్కని కాఫీ కాయించారు. కర్రల చివర దూదిగుడ్డలు కట్టి, ఆ కాఫీలో ముంచి, ఆ మచ్చలకు పక్కనున్న రాతి రంగు వచ్చేదాకా అద్దించారు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. అంత కాఫీ కాయవలసి వచ్చినందుకు వంటవాడు లబలబలాడాడట. మూడడుగుల పైచిలుకు వెడల్పు నోరు ఉన్న అతిథికి కాఫీ కాయటం అతని సర్వీసులో అదే మొదలు మరి. ఈ పని శాస్త్రీయమా కాదా అంటే, ఈనాటి పురావస్తు శాఖవారు ఒప్పుకోరు. కాని ఎవరో పాడుచేసి వెళ్ళిన దానిని, తనకు సంబంధం లేకపోయినా, సరిచేసి వెళ్ళాలన్న ఆ బుద్ధి నాకు నచ్చింది.

అక్కడే వారి బృందంలోని చిత్రకారునికి ఇసుకలో ఒక చీలిక కనబడింది. అమేలియా, పడవలోని వాళ్ళు, పక్క పల్లెవాళ్ళు అందరూ చేతులతోనే ఇసుక తోడారు. లోపల రంగులు చెదరని బొమ్మలతో ఒక చిన్న గది బయటపడింది. వేల ఏళ్ళ తరువాత మొదటిసారి ఆ గోడల మీద వెలుగు పడటం కళ్ళారా చూసిన ఆనందం ఒకవైపు. ఇక రేపటినుండి ఈ గదికి ఏ గతి పడుతుందోనన్న దిగులు మరొకవైపు. ఎందుకంటే దారి పొడుగునా ఆమె చూసింది విధ్వంసమే. యాత్రికులు గోడల మీద పేర్లు చెక్కుతున్నారు. శాసనాలకు తడి కాగితం అద్ది అచ్చులు తీసే పండితులు రంగులు ఊడగొడుతున్నారు. మ్యూజియంలు గోడలు కోసి పట్టుకుపోతున్నాయి. రైతులు సమాధులు తవ్వి దొంగచాటుగా అమ్ముకుంటున్నారు.

ఈ విషయంలో ఆమెను నేను పూర్తిగా వెనకేసుకు రాలేను. లక్సర్‌లో మమ్మీ కోసం, పాపిరస్ చుట్ట కోసం దొంగ బేరగాళ్ళ చుట్టూ ఆమె బృందం కూడా తిరిగింది. ఆ సంగతి ఆమె దాచుకోలేదు, పుస్తకంలో రాశారు. చివరకు ఆ బేరం వేరే పడవలోని వాళ్ళకు తగిలింది. వాళ్ళు కొన్న మమ్మీ వాసన భరించలేక వారం తిరగకముందే దాన్ని నైలులో ముంచేశారు. నాలుగు వేళ్ళు నోట్లోకి పోయేందుకు రైతు అమ్ముకున్నాడు, సరదాకు దొర కొన్నాడు, శవం నదిపాలయింది. దానితో బాటే అది ఏ కాలపుదో, ఎవరిదో అన్న సంగతీ పోయింది. తరువాత ఆమె తన ఇంట్లో కూడా ఈజిప్టు వస్తువులు వందలుగా పోగుచేశారు. పడకగది బీరువాలో రెండు ప్రాచీన ఈజిప్షియన్ల తలలు కూడా ఉండేవట! ఇది తప్పే. కాకపోతే, తాము చేసింది కూడా అదే తప్పని గుర్తించి, దానికి విరుగుడు వెతికినవారు ఆ యాత్రికులలో ఎందరు?

ఇంగ్లండు తిరిగి వచ్చాక రెండేళ్ళకు పైగా లైబ్రరీలలో కూర్చుని, ప్రతి సంగతీ పండితులతో సరిచూసుకుని, 1877లో ఆ పుస్తకం వేశారు. బొమ్మలు ఆమె వేసినవే. బాగా అమ్ముడుపోయింది. ఆ తరువాత 1880లో ఒక నవల వచ్చింది. అదే ఆఖరు. కడుపు నింపే నవలా రచనను అక్కడితో మానేశారు.

ఈజిప్టు పురావస్తు శాఖను అప్పట్లో ఫ్రెంచివారు నడిపేవారు. మారియెట్ అనే పెద్దాయన 1881లో చనిపోయాక మాస్పెరో అనే ఆయన వచ్చారు. ఆయన కొంత ఉదారుడు. ఇదే సమయమని అమేలియా గుర్తించారు. బ్రిటిష్ మ్యూజియంలో నాణేల విభాగం చూసే రెజినాల్డ్ స్టూవర్ట్ పూల్‌తో కలిసి 1882 మార్చిలో ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ అనే సంఘం స్థాపించారు. ఎరాస్మస్ విల్సన్ అనే ధనికుడైన వైద్యుడు మొదటి విరాళం ఇచ్చి అండగా నిలబడ్డాడు. లండనులో థేమ్సు ఒడ్డున ఉన్న క్లియోపాత్రా సూది అనే రాతి స్తంభాన్ని ఈజిప్టు నుండి తన ఖర్చుతో తెప్పించినవాడు ఆయనే. మన అమరావతి స్తూపం శిల్పాలు లండనులో బ్రిటిష్ మ్యూజియంకు చేరింది దానికి రెండేళ్ళ ముందే, 1880లో. స్తూపం రాళ్ళను ఇళ్ళ కట్టడానికి వాడుకున్నారని, సున్నానికి కాల్చారని మనం చదువుకున్నాం. ఈజిప్టులో జరిగింది దీనికి భిన్నమేమీ కాదు.

1882లోనే బ్రిటిష్ సైన్యం ఈజిప్టును ఆక్రమించుకుంది. ఆ సైన్యంలో మన భారత సిపాయీలు కూడా ఉన్నారు. పురాతత్వం వెనుక తుపాకి నీడ ఉన్నదన్న మాట మనం మరచిపోకూడదు. అయినా ఆ సంఘం పెట్టుకున్న నియమం మంచిది. తవ్వకం అనుమతితో జరగాలి, దొరికినది ఎక్కడ ఎలా దొరికిందో రాసిపెట్టాలి, ఏటేటా నివేదిక అచ్చువేయాలి. దొరికిన వాటిలో ఈజిప్టు ప్రభుత్వం తనకు కావలసినవి ఉంచుకున్నాక మిగిలినవే మ్యూజియంలకు పంచాలి.

చందాలు రాబట్టటానికి వారు వాడుకున్న ఉపాయం బైబిలు. మోషే కథలో వచ్చే ఊళ్ళు నైలు డెల్టాలో ఉన్నాయి, వాటిని వెతుకుదాం అంటే భక్తులు డబ్బిచ్చారు. 1883 ప్రారంభంలో నావిల్ అనే స్విస్ పండితుడు తవ్విన మొదటి దిబ్బ కూడా అదే రకం. మరుసటి ఏడు ఫ్లిండర్స్ పెట్రీ అనే యువకుడు చేరాడు. పిరమిడ్లను అంగుళాలతో సహా కొలిచి వచ్చినవాడు. ఇతరులు పారేసే కుండ పెంకులను ఏరి, దాచి, వాటిని బట్టే కాలం చెప్పవచ్చునన్నవాడు. కూలీలకు దొరికిన చిన్న వస్తువుకు కూడా బహుమానం ఇచ్చేవాడు, అప్పుడే అవి దొంగ బేరగాళ్ళ చేతికి పోవు. ఇన్వార్డు నంబరు లేని కాగితం ఎంత ముఖ్యమైనదైనా ఫైల్లో దానికి స్థానం చెప్పలేము కదా. పెట్రీ చేసింది ప్రతి పెంకుకూ ఇన్వార్డు నంబరు వేయటమే. పెట్రీ మాటకారి కాడు, కోపిష్టి. 1886లో కమిటీతో తగాదా పడి బయటకు పోయాడు. అమేలియా అతన్ని వదలలేదు. ఆమె పుస్తకం చదివి ఈజిప్టు చూసి వచ్చిన జెస్సీ హావర్త్ అనే మాంచెస్టరు నూలు వర్తకుని చేత అతనికి సాయం చేయించారు.

సంఘానికి ఆమె గౌరవ కార్యదర్శులలో ఒకరు. గౌరవ అంటే జీతం లేదని అర్థం. గుమాస్తా లేడు, టైపిస్టు లేడు. చందాదారులకు ఉత్తరాలు, రసీదులు, జ్ఞాపికలు, పత్రికలకు తవ్వకాల వార్తలు అన్నీ ఇంటి దగ్గర కూర్చుని సొంత చేతితో రాసేవారు. వేల ఉత్తరాలు. దీని బరువు ఎంతో బయటివారికి తెలియదు, డెస్పాచ్ సెక్షనులో పనిచేసినవారికి తెలుస్తుంది. పెట్రీ ఎడారి నుండి పంపిన ముక్కసరి నివేదికలను జనం చదివే వ్యాసాలుగా మార్చింది ఆమే. మాస్పెరో రాసిన ఈజిప్టు పురాతత్వ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించి 1887లో వేశారు.

ఉత్తరాలతో సరిపోదని గ్రహించి వేదిక ఎక్కారు. అప్పటిదాకా ఈజిప్టు విషయాలు పండితుల సభలకు మాత్రమే. 1886లో వియన్నాలో జరిగిన ప్రాచ్య పండితుల మహాసభలో ఆమె కూడా పత్రం సమర్పించారు. కాని ఆమెకు కావలసింది ఆ సభ కాదు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చే దుకాణదారులు, బడిపంతుళ్ళు, గృహిణులు కావాలి. ఇంగ్లండులోని ఊళ్ళలో తిరిగి మాట్లాడటం మొదలుపెట్టారు. ఈలోగా అమెరికాలో బోస్టను నగరవాసి విలియం కోప్లీ విన్‌స్లో అనే మతాచార్యుడు ఫండ్‌కు ఒక శాఖ పెట్టి చందాలు పోగుచేస్తున్నాడు. స్మిత్ కళాశాల, కొలంబియా ఆమెకు గౌరవ డిగ్రీలు ఇచ్చాయి. అమెరికా రమ్మని పిలుపు వచ్చింది.

1889 చివర ఆమె బయలుదేరారు. యాభై ఎనిమిదేళ్ళు, అంటే మన ఉమ్మడి రాష్ట్రంలో చాలాకాలం రిటైర్మెంటు వయసు. కేట్ బ్రాడ్‌బరీ అనే యువతి తోడుగా వెళ్ళింది. 1890 వసంతం దాకా, నాలుగైదు నెలల్లో, చలికాలపు మంచులో రైలు మీద రైలు మారుతూ పదహారు రాష్ట్రాలు తిరిగి నూటికి పైగా ప్రసంగాలు చేశారు. నెలకు ఇరవై ఉపన్యాసాలు వేసుకోండి. మైకు లేదు. హాలులో వెనక వరుసకు వినబడేటట్లు గొంతెత్తి మాట్లాడాలి.

ఏమి మాట్లాడారు? ఆ ప్రసంగాలలో కొన్నిటిని ఆమె 1891లో ఫారోస్, ఫెల్లాస్ అండ్ ఎక్స్‌ప్లోరర్స్ అనే పుస్తకంగా వేశారు కనుక మనకు తెలుసు. తవ్వేవాడు రోజంతా ఏం చేస్తాడన్నది ఒకటి. పూడిపోయిన నగరాలు ఒకటి. చిత్రలిపి ఎలా పుట్టింది, ప్రాచీన ఈజిప్షియన్లు ఏమి చదువుకునేవారు, ఏ దేవుళ్ళను కొలిచేవారు, గ్రీకుల అలంకార శిల్పానికి మూలం ఈజిప్టులో ఎంత ఉంది, ఇలా ఉంటాయి. సముద్రం మీద ఓడలు పంపి పుంత్ దేశం నుండి సాంబ్రాణి చెట్లు తెప్పించిన హత్షెప్సుత్ రాణి మీద ఒకటి. రాజులు, యుద్ధాలు కంటే, ఎక్కువగా మామూలు మనుషుల సంగతులు. పుస్తకం శీర్షికలో ఫారోలతో బాటు ఫెల్లా, అంటే అక్కడి పేద రైతు కూడా ఉన్నాడు చూడండి.

ప్రాచీన ఈజిప్టులో స్త్రీల స్థితి మీద కూడా ఒక ప్రసంగం చేశారు. అక్కడ స్త్రీకి తన ఆస్తి తన పేర ఉండేది. ఒప్పందాలు రాసుకోగలిగేది, విడాకులు తీసుకోగలిగేది. ఇంగ్లండులో పెళ్ళైన స్త్రీ తన ఆస్తిని తాను ఉంచుకునే హక్కు పూర్తిగా వచ్చింది 1882 చట్టంతోనే. ఓటు సంగతి సరే సరి. స్త్రీలకు ఓటు హక్కు కోసం పనిచేసిన సంఘంలో ఆమె కూడా ఒక ఉపాధ్యక్షురాలు. వేదిక మీద పోట్లాట పెట్టుకోలేదు. మూడువేల ఏళ్ళ నాటి పత్రాలు ఇలా ఉన్నాయి, చూడండి అని చెప్పి ఊరుకున్నారు. వింటున్న ఆడవాళ్ళకు అర్థం కావలసింది అర్థమయ్యే ఉంటుంది.

ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ అనే ఊళ్ళో జారిపడి ఆమె ఎడమ చెయ్యి విరిగింది. మనమైతే మెడికల్ లీవు పెట్టి ఇంటికి వచ్చేస్తాం. ఆమె ఎముక సరిచేయించుకుని, కట్టుతోనే ప్రసంగాలు కొనసాగించారు. బోస్టను స్త్రీలు కృతజ్ఞతగా ఒక కంకణం చేయించి ఇచ్చారు. కాని ఆ పర్యటన తరువాత ఆమె ఆరోగ్యం మునుపటిలా లేదు.

1891 అక్టోబరులో ఈజిప్టు నుండి ఓడలో వచ్చిన పురావస్తువుల పెట్టెలు చూసుకోవటానికి లండను మిల్‌వాల్ రేవుకు వెళ్ళారు. గంటల తరబడి ఆ చలిలో, తడిలో నిలబడి పెట్టెలు సరిచూశారు. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. 1892 జనవరిలో ముప్పై ఏళ్ళ తోడు ఎలెన్ బ్రేషర్ కన్నుమూసింది. ప్రభుత్వం ఆమె సాహిత్య, పురాతత్వ సేవకు ఏడాదికి 75 పౌన్ల పింఛను మంజూరు చేసింది. పింఛను వచ్చేసరికి మనిషి మంచం మీద ఉన్నారు. పింఛను కాగితాలు చేతికందేలోగా పోయిన సహోద్యోగుల పేర్లు మనలో ఎవరిని అడిగినా నాలుగైదు చెబుతారు, కనుక దీని మీద ఎక్కువ రాయను. 1892 ఏప్రిల్ 15న వెస్టన్-సూపర్-మేర్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఆమె చనిపోయారు. అరవై ఒక్కటి నిండలేదు.

వీలునామా చదివితే ఆమె తెలివి తెలుస్తుంది. తన పుస్తకాలు, వస్తువులు, వాటితో సుమారు 2,500 పౌన్లు లండను యూనివర్సిటీ కాలేజీకి రాశారు. ఈజిప్టు శాస్త్రానికి ఇంగ్లండులో మొదటి ఆచార్య పీఠం దానితో ఏర్పడింది. ఆక్స్‌ఫర్డుకు, కేంబ్రిడ్జికి ఇవ్వలేదు. యూనివర్సిటీ కాలేజీలో 1878 నుండే స్త్రీలకు డిగ్రీలు ఉన్నాయి. ఆక్స్‌ఫర్డులో 1920 దాకా, కేంబ్రిడ్జిలో 1948 దాకా లేవు. ఇంకొక షరతు, ఆచార్యుడుగా వేసేవాడు నలభై దాటినవాడు కాకూడదు, బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి కాకూడదు. పెట్రీకి అప్పుడు ముప్పై ఎనిమిది నడుస్తోంది, మ్యూజియంలో ఉద్యోగం లేదు! పేరు రాయకుండానే ఉత్తర్వు ఎవరికి చెందాలో నిర్ణయించే నోటు ఎలా రాయాలో మనకు నేర్పనక్కర లేదు గాని, ఇంత మంచి పనికి ఆ విద్య వాడగా నేను చూడలేదు. పెట్రీ ఆ పీఠంలో 1933 దాకా ఉన్నాడు.

ఆయన దగ్గర చదువుకున్నవారిలో మార్గరెట్ మర్రే ఒకరు. 1863లో మన కలకత్తాలోనే పుట్టారు. అమేలియా కోరుకున్నట్టే స్త్రీ అయి ఉండి ఆ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1908లో మాంచెస్టరులో అయిదువందల మంది జనం ముందు ఒక మమ్మీ కట్లు విప్పి శాస్త్రం వివరించారు. ఇక హోవార్డ్ కార్టర్. బొమ్మలు వేసే పదిహేడేళ్ళ కుర్రవాడిగా 1891లో ఈ ఫండ్ తరఫునే మొదటిసారి ఈజిప్టు వెళ్ళాడు. 1892లో పెట్రీ దగ్గర తవ్వకం నేర్చుకున్నాడు. 1922 నవంబరులో టూటన్‌ఖామెన్ సమాధి తెరిచింది ఆయనే. 1924లో ఆయన కూడా ప్రసంగాల కోసం అమెరికా వెళ్ళాడు. హత్షెప్సుత్ గుడిని ఫండ్ తరఫున నావిల్ తవ్వటం మొదలుపెట్టింది 1893లో. ఆ రాణి గురించి ఊరూరా చెప్పిన మనిషి అది చూడలేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నైలు మీద ఆస్వాన్ పెద్ద ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ మునిగిపోయే ప్రమాదం వచ్చింది. 1964 నుండి 1968 వరకు ఆ కొండ గుడిని ముక్కలుగా కోసి, అరవై మీటర్లకు పైగా ఎత్తుకు చేర్చి తిరిగి కూర్చారు. దానికి కొద్ది ఏళ్ళ ముందే మన నాగార్జునసాగర్ కింద మునిగే నాగార్జునకొండలో 1954 నుండి 1960 దాకా తవ్వకాలు జరిపి, కట్టడాలను కొండ మీదికి, అనుపుకు చేర్చారు. ఇప్పుడు అది నీటి నడుమ ద్వీపం. సర్వీసులో ఉండగా లాంచీ మీద వెళ్ళి చూశాను. అక్కడ ప్రతి రాయి పక్కనా అది ఏ చోటు నుండి వచ్చిందో రాసి ఉంది. నాతో వచ్చిన మా అమ్మాయి, అప్పటికి కాలేజీలో చేరింది, ఒక్కొక్క ఫలకమూ చదువుకుంటూ వెనకబడిపోయింది. చివరి లాంచీ కదులుతుందని పిలిస్తే గాని రాలేదు.

అమేలియా సమాధి బ్రిస్టల్ దగ్గర హెన్‌బరీ చర్చి ఆవరణలో ఉంది. తలవైపు ఈజిప్టు పద్ధతిలో ఒక చిన్న రాతి స్తంభం, సమాధి మీద ప్రాణానికి గుర్తుగా ఈజిప్షియన్లు రాసే అంఖ్ చిహ్నం రాతితో చెక్కి పడుకోబెట్టారు. ఎలెన్ బ్రేషర్ కూడా అక్కడే ఉంది. 2016లో ఇంగ్లండు ప్రభుత్వం ఆ సమాధిని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది.